కాళ్లు కట్టిన పుంజు

"నేనే కొట్టిన. రాసుకోండ్రి," అన్నాడు కాలేబు.

"యాడ కొట్టినవ్?"

"తల మీద."

"ముంగటనా, ఎనుకనా?"

వాడు నా భుజం మీదుగా కిటికీలోకి చూశాడు.

"ముంగట."

మహిపాల్ తల వెనుకవైపు పగిలింది. శవాన్ని చూసిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. కొట్టినవాడికి ఇంకా బాగా తెలిసి ఉండాలి.

"తప్పు," అన్నాను.

"భయంల అటిటు చెప్తుండు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ విఠల్‌రావు. బల్ల అవతల కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. "బీరప్పా, లాయరు కాయితం తెచ్చినవని లోపటికి రానిచ్చిన. వానికి పాఠం చెప్పమని గాదు."

"చంపినోడికి పాఠం అక్కెర లేదు. వీనికి అక్కెరుంది."

విఠల్‌రావు నవ్వాడు. ఆ నవ్వు నాకు పాతదే. పోలీసు కొలువులో ఆరేళ్లు అతని కింద పనిచేశాను. నా భార్య కాశమ్మ దవాఖానాలో ఉన్నప్పుడు సెలవు అడిగితే, ఇలాగే నవ్వి కాగితం పక్కన పెట్టాడు. ఆమె పోయిన తర్వాత మంజూరు చేశాడు. నేను ఆ సెలవు నుంచి తిరిగి వెళ్లలేదు. సంగారెడ్డిలో గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ పని మొదలుపెట్టాను. అతను మాత్రం జిల్లా దర్యాప్తు బృందానికి పెద్దయ్యాడు. ఆ బృందమే ఇప్పుడు నారాయణఖేడ్ చివర ఓ పాత బంగళాలో దిగింది.

ఆదివారం సాయంత్రం, బోరంచ దారిలో ఉన్న విత్తనాల గోదాంలో మహిపాల్ శవం దొరికింది. ఇరవై రెండేళ్లవాడు. తండ్రి లేడు. గోదాం అతని బాబాయి సంగమేశ్వర్‌ది. మంగళవారం కల్హేర్‌లో కాలేబును పట్టుకున్నారు. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం వాడిని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్తారు. అక్కడ కూడా "నేనే కొట్టిన" అని సంతకం పెడితే వాడి బతుకు అంతటితో సరి.

వాడి తల్లి లిదియా కూలి పని చేస్తుంది. నన్ను పిలిచింది ఆమే. పొద్దున బస్సు దిగేసరికి డిపో దగ్గర ఉంటానని ఫోన్‌లో చెప్పింది. లేదు. ఫోన్ చేస్తే మోగలేదు. కన్నకొడుకు మీద కూడా ఆశ వదులుకుందేమో అనుకున్నాను. మనుషుల గురించి నేను ముందుగా చెడ్డదే అనుకుంటాను. చాలాసార్లు అదే నిజమవుతుంది.

కాలేబు మీద ఉన్న సాక్ష్యం పాటలే. భజన పాటలు కావు. ప్రతి ఆదివారం సాయంత్రం డిపో వెనుక కుర్రాళ్లు గుండ్రంగా నిలబడతారు. దాన్ని గోల్ అంటారు. ఒకడు నూనె డబ్బా మీద దరువు వేస్తాడు. పగ ఉన్న ఇద్దరు మధ్యలోకి వస్తారు. అప్పటికప్పుడు మాటలు కట్టుకుంటూ ఒకర్నొకరు తిట్టుకుంటారు. ర్యాప్ అంటారు దాన్ని. హైదరాబాద్‌కు కూలికి పోయినవాడెవడో మెమరీ కార్డులో తెచ్చాడు. రెండేళ్లు తిరక్కుండానే గట్టు తగాదా, పిల్ల తగాదా, అద్దె సైకిల్ తగాదా అన్నీ గోల్‌లోకి చేరాయి. ఫోన్లలో రికార్డు చేసి బ్లూటూత్‌లో పంచుకుంటారు. తెల్లారేసరికి తిట్టు పడ్డవాడి ఇంటి ముందు నుంచి ఆటోవాడు అదే పాట పెట్టుకుని పోతాడు.

మహిపాల్ ట్రాక్టరు లిదియా మేకను తొక్కింది. అతను ఆగలేదు. పగ అక్కడ మొదలైంది. హత్యకు వారం ముందు, ఆదివారం కాలేబు గోల్‌లో నిలబడి అన్నది విఠల్‌రావు తన ఫోన్‌లో వినిపించాడు.

"డిపో గోడ సున్నం పెచ్చులై పగిలింది,
మహిపాల్, నీ తలకు గదే గతి మిగిలింది."

"తల పగుల్తదని ముందే చెప్పిండు, పగిలింది," అన్నాడు విఠల్‌రావు. "ఇంకేం గావాలె నీకు?"

"తిట్టు వేరు. దెబ్బ వేరు."

"నీకు రెండూ చేతగావు."

నేను కాలేబు వైపు తిరిగాను. "ఐతారం పగటిపూట యాడున్నవ్?"

"యాద్ లేదు."

"చర్చిల ఉన్నవంట గద?"

"లేను."

"నిన్ను ఎవలు బెదిరిస్తున్నరు?"

వాడు మళ్లీ కిటికీలోకి చూశాడు. పారిపోవాలనుకునే ఖైదీ కిటికీనే చూస్తాడు. నేను అలాగే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. సంగమేశ్వర్ లోపలికి వచ్చాడు. తెల్ల అంగీ, భుజం మీద తువ్వాల, చేతిలో ఫోను. ఎవరూ పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక్కడ ప్రతిరోజూ కూర్చునేవాడిలా.

"వీడేనా లిదియా తెచ్చిన డిటెక్టివ్?" అన్నాడు.

"వీడే," అన్నాను. "ఐతారం నువ్వు యాడున్నవ్, సంగమేశ్వర్?"

అతని మొహం ఎర్రబడింది. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఈ ఊళ్లో తక్కువ కాబోలు.

"పటేలు బోరంచల ఉన్నడు," అన్నాడు విఠల్‌రావు. "మేం అడిగినం. గుడి కాడ అందరు చూసిన్రు."

"నన్నే చెప్పనియ్ సార్," అన్నాడు సంగమేశ్వర్. "నల్లపోచమ్మ తల్లికి మొక్కు ఉండె. పొద్దుగాలనే పుంజును పట్టుకొని, ఇంటికాడికెల్లి సీదా బోరంచకు పోయిన. నా చేతులతోనే పట్టుకపోయిన. గోదాం దిక్కు మొహం గూడ పెట్టలే. ఇగో, నా కొడుకసొంటోడు ఈ కుక్క చేతుల చచ్చేనాడు నేను దేవుని కాడున్న."

కాలేబు తల వంచుకున్నాడు.

"మంచిది," అన్నాను. "మళ్లొస్త."

"మళ్ల వచ్చేటాలకు వీడు ఇక్కడ ఉండడు," అన్నాడు విఠల్‌రావు.

వాకిట్లో నల్ల కాగితం అంటించిన అద్దాలతో ఓ తెల్ల జీపు, నేను వచ్చినప్పటిలాగే, ఆగి ఉంది. నాకు కనబడిన అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. పటేలు బండి అని చెప్పకనే తెలుస్తోంది. దాని పక్క నుంచే నడిచి గేటు దాటాను.

*

డిపో ఎదురుగా ఉన్న డౌన్‌లోడ్ షాపు గ్లోరీది. పాతికేళ్ల మనిషి. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కిస్తుంది, రీఛార్జి చేస్తుంది. గోల్‌లో గెలుపోటములు తేల్చేది కూడా ఆమేనని విన్నాను.

"పోలీసోళ్లకు చెప్పేదేం లేదు," అంది నన్ను చూసి.

"నేను పోలీసు గాదు."

"మొహం గదే ఉన్నది."

"కాలేబు తరఫున వచ్చిన."

"ఇయ్యాల వచ్చినవా? వాన్ని నిన్న ఈడ్చుకపోయిన్రు." ఆమె వెనక్కి తిరిగి ఎవరి ఫోనో విప్పసాగింది. "లిదియక్క ఏది మరి?"

"నాకూ కనబడలే. నువ్వు చూసినవా?"

"నిన్న పొద్దుమూకంగ ఈడనే కూసుండి ఏడ్చింది. తర్వాత చూడలే."

మహిపాల్ చివరి పాట ఉందా అని అడిగాను. ఆమె పెదవి విరిచింది.

"లేకేం? సంగమేశ్వర్ పటేలే తెచ్చి ఎక్కించిండు. సచ్చినోని ఫోన్ల ఉండెనంట. ఊరంత ఇనాలె, ఇద్దరికి ఎంత పగ ఉన్నదో తెలవాలె అని అందరి కార్డులల్ల కొట్టిచ్చిండు. పోలీసోళ్లకు గూడ గదే ఇచ్చిండు."

పాట పెట్టింది. చావుకు ముందు, ఆ ఆదివారం మధ్యాహ్నం, గోదాంలో మహిపాల్ రికార్డు చేసుకున్నది. దరువు లేదు. గొంతు మాత్రమే. గోదాంలో మోగుతోంది.

"ఇరిగిన కాంట ఒక్క దిక్కే ఒరిగింది,
కాలేబూ, నీ తూకం ఎంతనో ఎరికైంది.

దూలానికి కందిరీగ గూడు యాలాడుతుంది,
నీ నోరు తెరిస్తె గదే మోత లేస్తుంది.

నీలి తాడ్‌పత్రి నిండ పొక్కలే పొక్కలు,
నీ పాటల ఉన్నయన్ని ఎవలియో ముక్కలు.

కాళ్లు గట్టిన పుంజు మూలకు పండింది,
కాలేబూ, నీ కూత గొంతులనే ఎండింది."

అక్కడ ఆగిపోయింది.

"ముందే రాసుకొని పాడినట్టుంది," అన్నాను.

గ్లోరీ చేతిలో పనిముట్టు బల్ల మీద పెట్టింది. మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"మహిపాల్ ఎదవ. మేకను తొక్కి ఆగకుంట పోయినోడు. గని బట్టీ గాదు. గా మాట నా ముంగట అనకు."

"బట్టీ అంటే?"

"ఇంట్ల కూసుండి నేర్చుకొని వచ్చి అప్పజెప్పుడు. గోల్‌ల గంతకన్న పెద్ద తిట్టు లేదు. గందుకే కాయిదా పెట్టుకున్నం. మొదటి చరణంల కండ్ల ముంగట ఉన్నది ఉండాలె. రెండో చరణంల తిట్టు. ముంగట లేనిది పెట్టినవనుకో, అందరం బట్టీ అని ఒర్లుతం. గంతే, వాడు ఓడినట్టు."

"ఒక్కడే కూసుండి రికార్డు చేస్తే? చూసేదెవలు?"

"ఎవలో ఒకలు పోయి చూసొస్తరు. మొన్న ఒకడు ఎర్ర తలుపు అని పాడి పంపిండు. పోయి చూస్తె పచ్చ తలుపు. ఇప్పుడు వాడు భజనల తాళాలు కొడుతుండు."

డిపో గోడ సున్నం. కాలేబు ఆ రోజు డిపో గోడ ముందే నిలబడ్డాడు. వాడు అన్నది హత్య గురించి కాదు, గోడ గురించి. గోడ పెచ్చులూడింది కాబట్టి తల పగిలింది.

"మరి పుంజు?" అన్నాను.

"ఏం పుంజు?"

"గోదాంల కాళ్లు గట్టిన పుంజు."

 పాట మళ్లీ పెట్టింది. చివరి రెండు చరణాలు విని ఆపేసింది.

"మేమందరం కాలేబును తిట్టిండనే ఇన్నం," అంది. "చచ్చినోని పాట గద, చూసొస్తందుకు ఎవలు పోలే. పోలీసోళ్లు తాళం గూడ వేసిన్రు."

"లేని పుంజును పెట్టిండేమో?"

"పెట్టడు." గట్టిగానే అంది. ఆ తర్వాత గొంతు తగ్గింది. "పుంజు ఉంటేనే పెడ్తడు."

"ఈ కాయిదా సంగతి ఇన్‌స్పెక్టర్‌కు చెప్పినవా?"

"అడిగితె గద. పాటలల్ల బూతులు ఎన్ని ఉన్నయని అడిగిన్రు. అవి లెక్కవెట్టుకొని పోయిన్రు."

నేను లేచాను. ఆమె వెనక నుంచి పిలిచింది.

"ఇంకొకటి. అంతకుముందు ఐతారం గోల్ అయిపోయినంక మహిపాల్ అందరి ముంగట అన్నడు. 'వచ్చే ఐతారం కాలేబు మీద గాదు, మా ఇంటోని మీద పాడ్త. మా అవ్వ చెలక భూమి ఎవలు మింగిన్రో ఊరికి ఇనిపిస్త' అన్నడు."

"వచ్చే ఐతారం అంటే?"

"వాడు చచ్చిన ఐతారం."

*

గోదాం దగ్గర కాపలా కానిస్టేబుల్‌కు నేను పాత మనిషిని. తాళం తీసి తను బయటే నిలబడ్డాడు. నేను ఫోన్‌లో పాట పెట్టుకుని లోపలికి నడిచాను.

ఇరిగిన కాంట. తలుపు పక్కనే ఉంది. ఒక పళ్లెం నేలను ఆనింది. మహిపాల్‌ను కొట్టిన ఇనుప తూకం బాటు ఈ కాంటాదే. అది విఠల్‌రావు తీసుకెళ్లాడు.

కందిరీగ గూడు. దూలం నడుమ వేలాడుతోంది. ఈగలు ఇంకా తిరుగుతున్నాయి.

నీలి తాడ్‌పత్రి. టార్పాలిన్ పట్టా, బస్తాల మీద పరిచి ఉంది. పైకప్పు సందులోంచి పడిన ఎండ దాని పొక్కల్లోంచి కిందికి జారుతోంది.

మూడూ ఉన్నాయి. పాటలో వచ్చిన వరుసలోనే, తలుపు నుంచి లోపలికి. అతను నడుస్తూ పాడాడు. నేనూ అలాగే నడిచాను. నాలుగోది కనబడాల్సిన చోట నా ముందు పడమటి మూల ఉంది. బస్తాల చాటున.

మూల ఖాళీగా ఉంది.

వంగి చూశాను. ఎండిన కోడి రెట్ట. పావురాలది కాదు, పావురాల రెట్ట ఎలా ఉంటుందో గోదాం అంతా కనబడుతూనే ఉంది. తెగిన కొబ్బరి తాడు ముక్క. బోర్లించిన డబ్బా మూతలో గుప్పెడు జొన్నలు.

విత్తనాల గోదాంలో జొన్నలు ఉండడం వింత కాదు. కానీ ఇక్కడి విత్తనాలకు మందు పట్టించి ఉంది. గులాబీ రంగులో ఉంటాయి. కోడి తింటే చస్తుంది. మూతలో ఉన్నవి తెల్ల జొన్నలు. ఇంటి నుంచి తెచ్చినవి. కోడి సాయంత్రం దాకా బతికి ఉండాలని కోరుకున్నవాడు తెచ్చాడు.

బస్తా కుట్టుకు ఒక ఈక చిక్కుకుని ఉంది. ఎర్రటి ఈక. మొదట్లో పసుపు పూసి ఉంది. కూరకు తెచ్చిన కోడికి ఎవరూ పసుపు పూయరు.

కానిస్టేబుల్‌ను పిలిచి చూపించాను. అతని ముందే ఈకను, తాడును కాగితంలో చుట్టాను. ఇన్‌స్పెక్టర్ అడిగితే చూసింది చెప్పమన్నాను. "సార్ కోప్పడ్తడు," అన్నాడు. "పడనీ," అన్నాను.

ఆటో మాట్లాడుకుని బోరంచ వెళ్లాను. గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే కిష్టవ్వ సంగమేశ్వర్‌ను బాగా ఎరుగును.

"వచ్చిండు, నిజమే," అంది. "పోలీసోళ్లకు గూడ గదే చెప్పిన."

"ఎప్పుడొచ్చిండు?"

"గది వాళ్లు అడగలే. దీపాలు వెట్టినంక వచ్చిండు. నేను గంప సదురుకుంటున్న. కాయ తీసుకొని చిల్లర గూడ అడగకుంట ఉరికిండు."

"కోడి ఎట్లుండె?"

"పసుపు పూసిన పుంజు, మంచిగనే ఉండె. గని కాళ్లకు తాడు ఒరుసుకొని పుండ్లు వడ్డయి. పాపం అనిపించింది. పొద్దంత కట్టేసిన కోడి అది."

"ఇంటి కాడ కట్టేసి ఉంచిండేమో?"

కిష్టవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంటి కాడ అయితె గంప కింద మూస్తరు, కొడుకా. కాళ్లు గట్టేది తోవ పట్టినప్పుడే. నీ ఇంట్ల ఆడోళ్లు లేరా ఏంది, గింత గూడ తెల్వదు?"

"లేరు," అన్నాను.

పొద్దున కాళ్లు కట్టి బయలుదేరిన కోడి దీపాల వేళకు గుడి చేరింది. మధ్యలో దానికి జొన్నలు పోసిన చోటు నేను చూశాను.

*

బంగళాకు తిరిగి వచ్చేసరికి తెల్ల జీపు అక్కడే ఉంది, అద్దాలు ఎత్తి. లోపల కాలేబు అదే కుర్చీలో, కిటికీకి ఎదురుగా ఉన్నాడు. విఠల్‌రావు రాసుకుంటున్నాడు. సంగమేశ్వర్ టీ తాగుతున్నాడు. అతని ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది.

"పొద్దున చెప్పింది మళ్ల చెప్పు," అన్నాను. "పుంజుతోని సీదా బోరంచకే పోయినవా?"

"ఎన్నిసార్లు చెప్పాలె? సీదా పోయిన."

"గోదాం తలుపు తియ్యలే?"

"తియ్యలే."

ఈకను, తాడును బల్ల మీద పెట్టాను. అవి ఎక్కడ దొరికాయో, ఏ కానిస్టేబుల్ ముందు దొరికాయో చెప్పాను. కిష్టవ్వ మాట చెప్పాను. ఆ తర్వాత పాట పెట్టాను. నాలుగో జంట దగ్గర ఆపాను.

సంగమేశ్వర్ టీ గ్లాసు దించాడు. అది ఖాళీ కాలేదు.

"కోడి అన్నది వీన్నే," అన్నాడు కాలేబును చూపిస్తూ. "తిట్టు అది. ఊరందరికి ఎరికే."

"ఊరందరికి ఎరిక చేసింది నువ్వే. కార్డులల్ల ఎక్కించి పంచినవ్. నీకు కాయిదా తెల్వదు. మహిపాల్ ముంగట లేనిది పాడడు. వాడు ఆ పాట పాడేటప్పుడు నీ పుంజు ఆ మూలకు ఉన్నది. పుంజు ఉన్నకాడ నువ్వున్నవ్."

"బీరప్పా," అన్నాడు విఠల్‌రావు. "పాటల కోడి ఉన్నదని పటేలును పట్టుకోవాల్నా?"

"పాటల తలకాయ ఉన్నదని పిల్లగాన్ని పట్టుకున్నవ్ గద."

అతని దవడ బిగిసింది. ఒకప్పుడైతే ఆ మాటకు నన్ను రాత్రి డ్యూటీలో వేసేవాడు. ఇప్పుడు ఈకను దగ్గరికి లాక్కుని వేలితో రుద్దాడు. వేలికి పసుపు అంటింది. చాలాసేపు ఆ వేలిని చూశాడు. వెధవే, కానీ గుడ్డివాడు కాదు.

"కాయిదా అంటున్నవ్," అన్నాడు చివరకు. "ఎవడు పెట్టిండు? ఏడ రాసుంది? కోర్టుల ఎట్ల చెప్పాలె? పోరగాండ్లు ఏమన్న పాడ్తరు."

"వాన్ని పాడమను. ఇక్కడనే, ఇప్పుడే. ముంగట లేనిది ఒక్కటి వచ్చినా నేను బస్సెక్కుత."

"ఇదేమన్న తమాషానా?" సంగమేశ్వర్ లేవబోయాడు. "సార్, టైమైతుంది. సంతకం పెట్టియ్యి, తీస్కపో."

"కూసో పటేలా," అన్నాడు విఠల్‌రావు. పటేలును అతను కూర్చోమనడం అదే మొదటిసారి అనుకుంటాను. "పాడ్రా."

కాలేబు తల అడ్డంగా ఊపాడు. "నేనే కొట్టిన అన్న గద సార్. సంతకం పెడ్త."

"సంతకం తర్వాత. పాడు."

వాడి కళ్లు మళ్లీ కిటికీ మీదికి పోయాయి. చెంపల మీద చెమట. నేను వాడి ముందుకు వంగాను.

"నేను నిన్ను ఏం అడుగుతలేను. ఎవల పేరు చెప్పమంటలేను. గోల్‌ల ఎట్ల పాడ్తవో గట్ల పాడు. కండ్ల ముంగట ఏది కనబడ్తె అది చెప్పు. గంతే."

వాడు నన్ను చూశాడు. ఆ మాటలో తనకు ఒక సందు దొరికినట్టు వాడి మొహం మారింది. నేను చెప్పినదానికంటే ఎక్కువ వాడికి అర్థమైంది. అప్పటికి నాకు అర్థం కాలేదు.

బల్ల మీద వేళ్లతో దరువు వేశాను. వాడు గొంతు సవరించుకున్నాడు.  పాట మొదలుపెట్టాడు.

"చాయ గిలాసల ఈగ మునిగి తేలింది,
సారు కాయితం మీద నా బతుకు కాలింది."

సంగమేశ్వర్ టీ గ్లాసులో ఈగ ఉంది. విఠల్‌రావు గ్లాసులోకి తొంగి చూశాడు.

"మేకుకు తోలు బెల్టు పామోలె యాలాడింది,
చెయ్యని తప్పుకు నా నోరే మాటాడింది."

గోడ మీద మేకుకు బెల్టు ఉంది. విఠల్‌రావు దాన్ని చూడలేదు. కాలేబును చూస్తున్నాడు. "చెయ్యని" అన్న మాట అతను విన్నాడు. సంగమేశ్వర్ కూడా విన్నాడు. "బంద్ చెయ్," అన్నాడు మెల్లగా.

కాలేబు ఆపలేదు. గొంతు ఇప్పుడు గట్టిపడింది. వాడు మా ఎవరినీ చూడడం లేదు. మా నడుమ నుంచి కిటికీలోకి చూస్తున్నాడు.

"కిటికీ అవుతల తెల్ల జీపు ఆగింది,
దాంట్ల మా అవ్వ మెడ కిందికి వంగింది."

నా వేళ్లు ఆగాయి.

వెనక్కి తిరిగాను. పొద్దున తిరగాల్సింది. వాకిలి నుంచి చూస్తే ఎత్తి ఉన్న అద్దాలే కనబడతాయి. కిటికీ వైపు అద్దం మాత్రం దించి ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి కనబడేంత మేరకే. వెనక సీట్లో ఇద్దరు మగవాళ్లు. వాళ్ల నడుమ ఒక ఆడమనిషి. కొంగు నోటికి అడ్డంగా ఉంది. అది ఆమె పెట్టుకున్నది కాదు, కట్టింది. లిదియా మెడ మీద ఒకడి చెయ్యి ఉంది.

డిపో దగ్గరకు ఆమె ఎందుకు రాలేదో తెలిసింది. తల వెనుక తగిలిన దెబ్బను ముందు తగిలిందని చెప్పి అయినా వాడు నేరం ఎందుకు నెత్తిన వేసుకున్నాడో తెలిసింది.

విఠల్‌రావు కుర్చీ వెనక్కి తన్నుకుని లేచాడు. "బయట ఎవర్రా?" అని కేకేస్తూ తలుపు వైపు ఉరికాడు.

సంగమేశ్వర్ లేవలేదు. కంగారు పడలేదు. బల్ల మీద బోర్లా ఉన్న ఫోను వైపు ఒక్కసారి చూశాడు. అంతే. ఆ చూపు చాలింది. నేను ఫోను లాక్కుని తిప్పాను.

కాల్ నడుస్తోంది. పుంజు గురించి నేను మాట్లాడిందీ, కాలేబు పాడిందీ, ప్రతి మాటా అవతలి చెవిలో పడింది.

"నా చేత ఏం గాదు ఇగ," అన్నాడు సంగమేశ్వర్. "వాడు పాడకుంటె బాగుండు."

కాలేబు లేచి ఉరికి, కట్టేసిన చేతులతోనే కిటికీ ఊచలు పట్టుకున్నాడు. వాడి నోరు తెరిచే ఉంది. నాలుగో జంట రాలేదు.

బయట ఇంజను మోగింది. దించి ఉన్న అద్దం లిదియా మొహం మీదుగా పైకి లేచింది.